సీటెట్‌లో రెండో భాషగా ఒడియానా, ఇంగ్లీషా?

బరంపురం అభ్యర్థిని:

పెద్దలందరికీ నమస్కారం. నేను ఒడిశాలోని బరంపురంలో పుట్టి పెరిగాను. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదువుకొని, నిరుడు ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా అయిన డి.ఎల్.ఎడ్. పూర్తి చేశాను. ఒకటి నుంచి ఐదు తరగతులకు బోధించడానికి అర్హతనిచ్చే సీటెట్ (కేంద్ర ఉపాధ్యాయ అర్హత పరీక్ష) మొదటి పేపరుకు సిద్ధమవుతున్నాను. మొదటి భాషగా తెలుగు తీసుకోవాలన్న విషయంలో నాకు సందేహం లేదు. రెండో భాష దగ్గరే ఇంట్లోనూ బయటా ఎవరి మాట వినాలో తెలియడం లేదు.

గత ఆదివారం పాత ప్రశ్నపత్రాన్ని గడియారం పెట్టుకొని, 150 నిమిషాల్లో రాసి చూసుకున్నాను. ఒక్కో విభాగంలో 30 మార్కులకు గాను శిశు వికాసంలో 14, గణితంలో 21, పరిసరాల విజ్ఞానంలో 17, తెలుగులో 24, ఇంగ్లీషులో 12 వచ్చాయి. మొత్తం 88. గట్టెక్కడానికి 150కి 60 శాతం, అంటే 90 కావాలి. మరునాడు ఇంగ్లీషుకు బదులుగా ఒడియా విభాగాన్ని రాసి చూస్తే 19 వచ్చాయి. ఒడియా నేను బడిలో ఒక భాషగా చదివినదే కాక, వీధిలో రోజూ మాట్లాడేది కూడా. ఆ లెక్కన నా మొత్తం 95 అవుతుంది. ఒక్క గడి మార్చుకుంటే పాసవుతున్నప్పుడు ఇంగ్లీషును పట్టుకొని వేలాడడం ఎందుకని మా అన్నయ్య అంటున్నాడు. మా డి.ఎల్.ఎడ్. మేడం మాత్రం ఇంగ్లీషు వదలవద్దని గట్టిగా చెప్పారు, అయితే కారణం అడిగే వీలు దొరకలేదు. మీ అభిప్రాయాలను కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జయపురం శిక్షకుడు:

అమ్మా, మీ అన్నయ్యగారి మాటే సరైనది. అర్హత పరీక్షలో అన్ని మార్కుల బరువూ ఒక్కటే. ఒడియాలో వచ్చిన మార్కు ఇంగ్లీషులో వచ్చిన మార్కు కంటే చిన్నది కాదు. సీటెట్‌లో రెండో భాష మొదటి భాషకు భిన్నమైనదై ఉండాలన్నదే నియమం. ఇచ్చిన 20 భాషల జాబితాలో తెలుగు, ఒడియా, మరాఠీ అన్నీ ఉన్నాయి. సరిహద్దు జిల్లాల పిల్లలకు రెండు మూడు భాషలు రావడం భగవంతుడిచ్చిన వరం, దాన్ని పరీక్ష రోజున వాడుకోకపోతే ఎప్పుడు వాడుకుంటారు?

పదేళ్లుగా నేను పాఠాలు చెబుతున్నాను కాబట్టి రాసే పద్ధతి గురించి కూడా నాలుగు మాటలు చెబుతాను. ప్రశ్నపుస్తకం తెరవగానే మొదటి ప్రశ్న నుంచి మొదలుపెట్టనవసరం లేదు. 91 నుంచి 120 వరకు మొదటి భాష, 121 నుంచి 150 వరకు రెండో భాష ఉంటాయి. మనసు తాజాగా ఉన్నప్పుడు బాగా వచ్చిన భాషతో మొదలుపెడితే ధైర్యం వస్తుంది. ఒక్కో భాషలో 15 ప్రశ్నలు పఠనావగాహన మీద, 15 భాషా బోధన మీద ఉంటాయి. గద్యభాగం ఇస్తే ముందు ప్రశ్నలు చదివి, ఆ తర్వాత గద్యం చదవండి. గణితంలోనూ సగం ప్రశ్నలు బోధనా పద్ధతులకు సంబంధించినవే కాబట్టి, లెక్క ఒకటి మొండికేస్తే దాని దగ్గర కూర్చుండిపోకుండా బోధన ప్రశ్నలు ముగించి తిరిగి రండి. తప్పు జవాబుకు కోత లేదు కనుక జవాబుపత్రంలో ఏ ప్రశ్నకూ వృత్తం నింపకుండా వదలకండి. నాలుగింటిలో రెండింటిని కొట్టివేయగలిగినా మిగిలిన రెండింటిలో ఒకటి పెట్టవచ్చు.

పర్లాకిమిడి టీచరు:

శిక్షకులు రాసే పద్ధతి గురించి చెప్పినదానితో నేను దాదాపు ఏకీభవిస్తున్నాను. అయితే ఒడియా విషయంలో ఆయన లెక్క నాకు అసంపూర్ణంగా కనిపిస్తున్నది.

ఈ అమ్మాయి మార్కులను మరొక్కసారి చూడండి. ఆమె అసలు నష్టం ఇంగ్లీషు విభాగంలో ఉన్నదా? శిశు వికాసంలో 14, పరిసరాల విజ్ఞానంలో 17. ఈ రెండింటిలోనే 60కి 29 పోయాయి. సీటెట్‌లో మొదటి 90 ప్రశ్నలు ఇంగ్లీషులోనూ హిందీలోనూ మాత్రమే ముద్రించి ఉంటాయి, తెలుగులో గాని, ఒడియాలో గాని ఉండవు. తెలుగు మాధ్యమంలో చదివిన అభ్యర్థి, పిల్లల ఆలోచన ఎదిగే తీరును వివరించిన పియాజే సిద్ధాంతాన్ని బాగానే నేర్చుకొని ఉంటుంది. పాత్ర ఆకారం మారినా అందులోని నీరు మారదని పిల్లవాడు గ్రహించడాన్ని మన పుస్తకాలు పదిలపరచుకొనే భావన అంటాయి. ప్రశ్నపత్రంలో మాత్రం కన్జర్వేషన్ అనే మాట కనిపించేసరికి ఆమె అడవులనూ నీటినీ కాపాడుకోవడం గురించి ఏమైనా అడుగుతున్నారేమోనని తడబడుతుంది. విషయం తెలిసి కూడా మార్కు పోవడమంటే ఇదే. కాబట్టి ఇంగ్లీషు మీద పెట్టిన శ్రమ రెండో భాషలోని 30 ప్రశ్నలకే పరిమితం కాదు, ముందున్న 90 ప్రశ్నలకు కూడా పనికివస్తుంది. ఒడియా మీద పెట్టిన శ్రమ ఆ 30 దగ్గరే ఆగిపోతుంది. పైగా కేంద్రీయ విద్యాలయాల్లో ప్రాథమిక ఉపాధ్యాయ ఉద్యోగానికి హిందీ, ఇంగ్లీషు మాధ్యమాలు రెండింటిలోనూ బోధించగలిగి ఉండాలి. ఈ రోజు తప్పించుకున్న ఇంగ్లీషు రేపు ఆ గుమ్మంలో ఎదురవుతుంది.

నా సంగతి కూడా చెప్పుకోవాలి, లేకపోతే ఊరికే సలహాలిస్తున్నానని అనుకుంటారు. నేను 2004లో ఉద్యోగంలో చేరాను, పదవీ విరమణకు ఇంకా తొమ్మిదేళ్లు ఉన్నది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉన్న ఉపాధ్యాయులు రెండేళ్లలో టెట్, అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్ష, పాసు కావాలి. అయిదేళ్ల లోపు ఉన్నవారు ఉద్యోగంలో కొనసాగవచ్చు గాని, టెట్ లేకుండా పదోన్నతికి అర్హులు కారు. మా ఒడిశా టెట్‌లో రెండో భాష ఇంగ్లీషే కాబట్టి నాకు ఎంచుకొనే అవకాశమే లేదు. ఇరవై ఏళ్లుగా తెలుగులో పాఠాలు చెప్పిన దాన్ని ఇప్పుడు రాత్రి వంటిల్లు సర్దుకున్నాక ఇంగ్లీషు గద్యభాగాలు చదువుతున్నాను. మొదట్లో ఏడుపొచ్చేది, ఇప్పుడు కాస్త అలవాటయింది.

జయపురం శిక్షకుడు:

టీచరుగారి పట్టుదలకు నమస్కారం. అయితే ఆమె చెప్పినది దీర్ఘకాలిక ప్రయోజనం, పరీక్ష మాత్రం దగ్గరలో ఉన్నది. 12 మార్కుల ఇంగ్లీషును 20కి చేర్చడానికి ఎన్ని నెలలు పడుతుందో తరగతి గదిలో నేను చూస్తూనే ఉన్నాను. మొదటి 90 ప్రశ్నలకు కావలసినది ఇంగ్లీషు భాషా పాండిత్యం కాదు, వంద నూట యాభై పారిభాషిక పదాలు మాత్రమే. వాటిని పదిహేను రోజుల్లో నేర్చుకోవచ్చు. రెండో భాష విభాగానికి కావలసినది వేరు. ఎప్పుడూ చూడని రెండు గద్యభాగాలను వేగంగా చదివి, రచయిత ఉద్దేశాన్ని పట్టుకోగలగాలి. ఆ రెండు పనులనూ ఒకటిగా కలిపి చూడడమే టీచరుగారి వాదంలోని లోపం.

రాయగడ నుంచి:

హిందీ సంగతి ఎవరూ ఎత్తలేదు. ప్రశ్న ఇంగ్లీషులో అర్థం కాకపోతే దాని హిందీ రూపాన్ని చదవండి. మూర్త, అమూర్త, మూల్యాంకన్ వంటి మాటలు మనకు చుట్టాలే. కాకపోతే చుట్టాలలోనూ మోసగాళ్లుంటారు. అక్కడ శిక్షా అంటే చదువు, మనకు శిక్ష అంటే దండన. ఇందాక టీచరుగారు చెప్పిన కన్జర్వేషన్‌ను హిందీలో సంరక్షణ్ అంటారు, అది చూసి మనం పిల్లల ఆలనాపాలనా అనుకుంటే దెబ్బతింటాం. మూడు నిలువు వరుసలతో ఒక నోటుపుస్తకం పెట్టుకొని తెలుగు, ఇంగ్లీషు, హిందీ మాటలను పక్కపక్కన రాసుకోవడం నాకు పాఠ్యపుస్తకం కంటే ఎక్కువ ఉపయోగపడింది.

సిరొంచ నుంచి:

మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. నేను మొదటి భాషగా తెలుగు, రెండో భాషగా మరాఠీ తీసుకొని ఒకసారి తప్పి, రెండోసారి పాసయ్యాను. కాబట్టి రెండు పక్షాల వాదనలనూ వంటపట్టించుకున్న వాణ్ణి.

మొదటిసారి తప్పడానికి కారణం భాష రాకపోవడం కాదు, పుస్తకాలు కలగాపులగం కావడం. ఈ మాట మీలో ఎవరూ చెప్పలేదు గనుక కొంచెం వివరంగా రాస్తాను. హిందీ, ఇంగ్లీషు కాక వేరే భాష ఎంచుకున్నవారికి ప్రధాన ప్రశ్నపుస్తకంతోపాటు ఆ భాషకు విడిగా అనుబంధ పుస్తకం ఇస్తారు. రెండు భాషలూ అటువంటివే అయితే బల్ల మీద మూడు పుస్తకాలు ఉంటాయి. తెలుగు అనుబంధంలో నాలుగో భాగం, అయిదో భాగం రెండూ ముద్రించి ఉంటాయి. తెలుగును మొదటి భాషగా తీసుకున్నవారు నాలుగో భాగాన్ని, రెండో భాషగా తీసుకున్నవారు అయిదో భాగాన్ని మాత్రమే రాయాలి. నేను హాయిగా నాలుగో భాగం ముగించి, పేజీ తిప్పి, అదే తెలుగు పుస్తకంలోని అయిదో భాగాన్ని కూడా రాసి, 121 నుంచి 150 వరకు వృత్తాలన్నీ బాల్ పెన్నుతో నింపేశాను. మరాఠీ పుస్తకం అడుగున ఉన్నదని గుర్తుకు వచ్చేసరికి పది నిమిషాలే మిగిలాయి. పెన్నుతో నింపినదాన్ని ఎవరు చెరపగలరు? ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ ఎవరితోనూ మాట్లాడలేదు.

అందుచేత ఈ చెల్లెలు ఒడియా తీసుకుంటే తీసుకోవచ్చు. అయితే పుస్తకాలు చేతికి రాగానే తెలుగు అనుబంధంలోని అయిదో భాగాన్నీ, ఒడియా అనుబంధంలోని నాలుగో భాగాన్నీ చూసుకొని, అవి తనవి కావని మనసులో గట్టిగా అనుకొని మొదలుపెట్టాలి. ఇంగ్లీషు తీసుకుంటే ఆ విభాగం ప్రధాన పుస్తకంలోనే ఉంటుంది కాబట్టి ఒక పుస్తకం తగ్గుతుంది, ఆ మేరకు గందరగోళమూ తగ్గుతుంది. రెండోసారి నేను మరాఠీనే ఉంచుకొని, ఒక్కో విభాగం ముగిసిన వెంటనే దాని వృత్తాలు నింపుకుంటూ పోయాను. అన్నీ చివరలో నింపుదామని పెట్టుకోలేదు.

పర్లాకిమిడి టీచరు:

సిరొంచ సోదరుని అనుభవం విన్నాక, నా వాదానికి నేను ఊహించని సాక్ష్యం దొరికినట్లయింది. అయితే శిక్షకులు ఎత్తిచూపిన భేదం నిజమేనని కూడా ఒప్పుకోవాలి. పారిభాషిక పదాలు వేరు, పఠన వేగం వేరు. నేను వాటిని కలిపి మాట్లాడాను.

వేరొక విషయంలో మాత్రం ఆయన్ను ప్రశ్నించక తప్పదు. శిక్షణ తరగతులలో ఒక కిటుకు చెబుతారని మా పాఠశాలకు వచ్చే కొత్తవాళ్లు అంటుంటారు: బోధన ప్రశ్నల్లో పిల్లవాడు స్వయంగా కనుగొనే జవాబును ఎంచుకో, బట్టీ పట్టించే జవాబునూ దండించే జవాబునూ కొట్టివేయి. పది ప్రశ్నల్లో ఆరింటికి అది పనిచేయవచ్చు. కానీ పిల్లల పక్షాన ఉన్నట్లు కనిపించే జవాబులు రెండున్నప్పుడు ఆ కిటుకు చేతులెత్తేస్తుంది. ఇంట్లో సవర అనే గిరిజన భాష మాట్లాడే పిల్లవాడు తరగతిలో సవర మాటతో జవాబు చెబితే ఉపాధ్యాయురాలు ఏమి చేయాలి అన్న ప్రశ్న ఉన్నదనుకోండి. ఆ మాటను మన్నించి, వెంటనే బడి భాషలోని మాటను అతనిచేత పలికించాలన్నది ఒక జవాబు. ఆ మాటను తరగతి అంతటితో చర్చించి, దాని ఆధారంగా బడి భాషలోకి తీసుకువెళ్లాలన్నది మరొకటి. రెండూ మెత్తని జవాబులే. రెండోదే సరైనదని తరగతి గదిలో నిలబడిన వారికి తెలుస్తుంది, కిటుకు నేర్చినవారికి తెలియదు. గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్లోనే ఉండి, సవర నేర్చుకొని, ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరాక ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఇప్పుడు బహుభాషా తరగతి గది అని ప్రశ్నపత్రాలు అడుగుతున్నది ఆయన ఆనాడు మా వీధుల్లో చేసిన పనినే కదా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనను నిషేధించింది. ఆ సంగతి కాగితం మీద సరిగ్గా గుర్తించి, మర్నాడు బెత్తం పట్టుకొనేవారిని నేను చూశాను. పరీక్ష దాన్ని పట్టుకోలేదు. అది పరీక్ష తప్పో, మన తప్పో గాని, కిటుకులతోనే సరిపెట్టుకుంటే అంతకంటే మెరుగైన ఫలితం రాదు.

జయపురం శిక్షకుడు:

టీచరుగారూ, ఆ కిటుకును నేనూ చెబుతాను, దాచను. అయితే అది చివరి అయిదు నిమిషాలకు ఉద్దేశించినది, మొదటి అయిదు నెలలకు కాదు. అభ్యర్థులు దాన్ని తలకిందులు చేసుకుంటే నేనేం చేయను? పదిహేను వందలు కట్టి వచ్చినవారికి పియాజే దశలు వివరిస్తుంటే, షార్ట్‌కట్ ఎప్పుడు చెబుతారు సార్ అని అడుగుతారు. సవర ప్రశ్నకు మీరు ఇచ్చిన వివరణను మాత్రం రేపు నా తరగతిలో వాడుకుంటాను, అనుమతించండి.

బరంపురం అభ్యర్థిని:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి నా పాత జవాబుపత్రాన్ని మళ్లీ ముందు పెట్టుకొని, శిశు వికాసంలో తప్పిన 16 ప్రశ్నలను ఒక్కొక్కటిగా చూశాను. ఏడింటిలో విషయం నాకు తెలుసు, మాట తెలియలేదు. ఇంకో నాలుగింటిలో చివరి రెండు జవాబుల మధ్య ఆగిపోయాను. మిగిలిన అయిదు మాత్రమే నిజంగా చదవనివి. ఈ ఏడింటినీ మూడు వరుసల నోటుపుస్తకంతో సంపాదించుకోగలిగితే, ఇంగ్లీషులో అదే 12 వచ్చినా నా మొత్తం 95 అవుతుంది. ఒడియా తీసుకుంటే వచ్చే 95 కూడా అంతే. ఇది చూసి నాకే నవ్వొచ్చింది.

దరఖాస్తుకు ఇంకా గడువున్నది. మరో రెండు పాత ప్రశ్నపత్రాలను, ఒకటి ఒడియాతో, ఒకటి ఇంగ్లీషుతో, పుస్తకాలు విడివిడిగా కుట్టుకొని, వృత్తాల కాగితం మీదనే రాసి చూస్తాను. ఆ మార్కులు ఇక్కడే పెడతాను. అంతవరకు మా అన్నయ్యకు ఏమీ చెప్పను.

సిరొంచ నుంచి:

వృత్తాలు పెన్సిలుతో కాకుండా పెన్నుతోనే నింపి సాధన చేయమ్మా.