యాన్యువల్ పాస్ రెన్యువల్ చేయాలా వద్దా? రూల్స్ మొత్తం మార్చేశారు

ఇద్దరు_పిల్లల_అమ్మ:

అందరికీ నమస్తే అండి. థీమ్ పార్కులకి తరచూ వెళ్ళేవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి, నాకైతే తల తిరిగిపోతోంది. మేం నాలుగేళ్ళుగా ఒకే పార్కుకి యాన్యువల్ పాస్ తీసుకుంటున్నాం (పేరు చెప్పను లెండి, మళ్ళీ అదో గొడవ). పెద్దదానికి తొమ్మిది, చిన్నోడికి అయిదు. చిన్నోడి పాస్ మీద ఫొటో వాడికి మూడు నిండిన వారంలో తీసింది, గేటు దగ్గర స్కాన్ చేసినప్పుడల్లా స్క్రీన్ మీద ఆ బూరె బుగ్గల మొహమే వస్తుంది. మొన్న అక్కడున్న అమ్మాయి ఆ ఫొటోనీ వీడినీ మార్చి మార్చి చూసి "ఇది నువ్వేనా" అనడిగితే వీడు చాలా సీరియస్‌గా "కాదు, మా తమ్ముడు" అన్నాడు. వాడికి తమ్ముడు లేడు.

సరే అసలు విషయానికొస్తే, మేం ఎప్పుడూ పొద్దున్నుంచి రాత్రిదాకా ఉండే బాపతు కాదు. స్కూల్ అయ్యాక ఓ సాయంత్రం వెళ్ళి, రెండు రైడ్లు ఎక్కి, పరేడ్ చూసి వచ్చేస్తాం. పాస్ ఉంది కాబట్టే అలా కుదిరేది, రెండు గంటల కోసం ఎవరైనా రోజు టికెట్ కొంటారా చెప్పండి. ఇప్పుడు రెన్యువల్ టైమొచ్చేసరికి పాత పాస్ తీసేశాం, దాని బదులు మూడు రకాలు పెట్టాం అని మెయిల్ పంపారు. అన్నిటికన్నా చవకదానికి శని ఆదివారాలు, సెలవు రోజులు మొత్తం బ్లాకౌట్, అంటే ఆ రోజుల్లో పాస్ చెల్లదు. మధ్యదానికి కొన్ని వీకెండ్లు ఓకే. పైదానికి పెద్దగా బ్లాకౌట్లు లేవు గానీ రేటు మా పాతదానికి దాదాపు డబుల్. ఏది తీసుకున్నా ముందే రిజర్వేషన్ చేసుకుని వెళ్ళాలి. ఇవి కాక నెలనెలా కార్డులోంచి కట్ అయ్యే మెంబర్‌షిప్ ఒకటి. ఇదంతా మా సౌకర్యం కోసమేనట, మెయిల్ చివర రాశారు, చదివి నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

మా ఆయనేమో మానేద్దాం, ఏడాదికి రెండుసార్లు టికెట్ కొనుక్కుని వెళ్దాం అంటారు. పెద్దది ఆ మాట విని రాత్రి అన్నం మానేసింది. ఇంతకీ నా డౌట్లు ఏంటంటే, అసలు పార్కులన్నీ ఇలా ఎందుకు చేస్తున్నాయి, రెగ్యులర్‌గా వచ్చేవాళ్ళు వాళ్ళకి భారమయ్యారా? రెండోది, మాలాంటి వాళ్ళకి ఏది గిట్టుబాటు?

లెక్కల_మాస్టారు:

మేడమ్, భారమయ్యారా అంటే, మొహమాటం లేకుండా చెప్పాలంటే రద్దీ రోజుల్లో అవును, మిగతా రోజుల్లో కాదు. కథంతా ఇక్కడే ఉంది.

పార్క్ వాళ్ళు చూసేది గేటు దాటిన ఒక్కో మనిషి లోపల ఎంత ఖర్చు పెట్టాడు అని. దూరం నుంచి జీవితంలో ఒకసారి వచ్చేవాడు టికెట్ కొంటాడు, మూడు పూటలా లోపలే తింటాడు, పిల్లలకి బొమ్మలు కొంటాడు, లైన్ తప్పించుకోడానికి ఎక్స్‌ట్రా కూడా కడతాడు. పాస్ ఉన్నవాడు బ్యాగులో నీళ్ళ సీసా పెట్టుకొచ్చి పరేడ్ చూసి పోతాడు (నేనూ ఆ బాపతే, తప్పు పట్టట్లేదు). పార్కులో పట్టే జనం ఇంతే అని లెక్క ఉన్నప్పుడు, సెలవు రోజున మొదటివాడి చోటు రెండోవాడు తీసుకుంటే వాళ్ళకి కడుపుమంట. 2022లో డిస్నీ తన త్రైమాసిక ఫలితాల్లో కాలిఫోర్నియా డిస్నీల్యాండ్ గురించి ఇలాంటి మాటే వాడింది, వచ్చిన జనాల్లో ఎవరెంతమంది అన్న పాళ్ళు తమకి అనుకూలంగా లేవు అని. పాస్ హోల్డర్లకి అది తమనే అన్నట్టు తగిలి, ఆ మాటని టీషర్టుల మీద అచ్చేయించుకుని అదే పార్కుకి వేసుకెళ్ళారు.

దీనికి ముందు కథ కూడా ఉంది. కోవిడ్‌కి పార్కులు మూతపడ్డాక డిస్నీల్యాండ్ 2021 జనవరిలో పాత యాన్యువల్ పాస్‌పోర్ట్ ప్రోగ్రామ్‌నే రద్దు చేసి మిగిలిన డబ్బులు వెనక్కిచ్చేసింది. అదే ఏడాది ఆగస్టులో మ్యాజిక్ కీ అని కొత్తది తెచ్చారు, నాలుగు రకాలు, 399 డాలర్ల నుంచి 1,399 దాకా, అన్నిటికీ రిజర్వేషన్ తప్పనిసరి. పై రకం డ్రీమ్ కీ, దానికి బ్లాకౌట్ డేట్స్ లేవు అని చెప్పి అమ్మారు. కొన్నావిడ నవంబర్‌లో వెళ్దామని చూస్తే కీ వాళ్ళకి రిజర్వేషన్లు అయిపోయాయి, అదే రోజుకి మామూలు టికెట్లు మాత్రం అమ్ముతున్నారు. ఆవిడ కోర్టుకెళ్ళింది. చివరికి 2023లో 95 లక్షల డాలర్లకి సెటిల్ చేసుకున్నారు, తప్పు ఒప్పుకోలేదనుకోండి. లక్ష మందికి పైగా ఉన్నారు కాబట్టి లాయర్ల ఫీజులవీ పోను తలా దాదాపు 67 డాలర్లు. 1,399 పెట్టినోడికి 67! సరే, ఆ పేరుతో పాస్ 2022లోనే పోయింది, దాని చోట్లో వచ్చిన ఇన్‌స్పైర్ కీ 1,599, పైగా క్రిస్మస్ వారం బ్లాకౌట్. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

టోక్యో డిస్నీ అయితే 2020లో యాన్యువల్ పాస్‌పోర్ట్‌లు ఆపి రిఫండ్ ఇచ్చేసింది, మళ్ళీ పెట్టనేలేదు. పారిస్‌లో 2023లో పాతవి తీసేసి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అని పెట్టారు. ఫ్లోరిడా డిస్నీ వరల్డ్‌లో 2021 నవంబర్ నుంచి 2023 ఏప్రిల్ దాకా ఒక్క చవక రకం తప్ప (అది కూడా ఆ రాష్ట్రం వాళ్ళకే) కొత్త పాస్‌లు అమ్మడమే ఆపేశారు. అంటే మీ ఒక్క పార్కు పిచ్చి కాదిది.

ఇక మీ రెండో డౌట్. అందరూ చేసే తప్పు ఏంటంటే పాస్ ధరని రోజు టికెట్ ధరతో భాగించి "అయిదుసార్లు వెళ్తే గిట్టేసింది" అనుకుంటారు. ఏ రోజు టికెట్‌తో భాగించారు అనేది చూడరు. ఇప్పుడు టికెట్ కూడా రోజుని బట్టి ధర కదా, డిస్నీల్యాండ్‌లో 2024 అక్టోబర్ రేట్లలో అతి చవక రోజు 104 డాలర్లు, అతి ఖరీదు రోజు 206. చవక పాస్ మిమ్మల్ని లోపలికి రానిచ్చేది ఆ 104 లాంటి రోజుల్లోనే. కాబట్టి 206తో భాగిస్తే మీరు మిమ్మల్నే మోసం చేసుకున్నట్టు. మీకు పనికొచ్చే రోజుల చవక టికెట్ ధరతో భాగించండి, పాస్‌లోనే పార్కింగ్ కూడా వస్తుంటే దాని ఖర్చు ఆ టికెట్ ధరకి కలపండి, తిండి మీద డిస్కౌంట్ మాత్రం ఎలాగూ తినేదైతేనే లెక్కేసుకోండి.

మాకూ_అదే_బాధ:

మాస్టారూ టీషర్టుల ముక్క నాకు కొత్త 😂 మేమైతే మానేశాం, రెండు నెలలు పిల్లలు అడిగారు, తర్వాత వాళ్ళే మర్చిపోయారు, మేమే ఇంకా మర్చిపోలేదు.

ఒకప్పటి_గేటు_డ్యూటీ:

నేను కాలేజీ రోజుల్లో రెండు సీజన్లు ఒక పార్కులో టర్న్‌స్టైల్ (ఒక్కొక్కళ్ళనే లోపలికి వదిలే గేటు) దగ్గర పని చేశా, అందుకని ఇంకో వైపు చెప్తా. పై లెక్క కరెక్టే గానీ పాస్ వాళ్ళు తక్కువ ఖర్చు పెడతారు అన్నది ఒక్కసారి వచ్చినప్పటి లెక్క, ఏడాది మొత్తం మీద చూడాలి కదా. వాన పడే మంగళవారం నాడు గేట్లో మాకు కనపడేది వాళ్ళొక్కళ్ళే. ఓ పెద్దాయన ఉండేవాడు, రైడ్ ఒక్కటీ ఎక్కడు, వచ్చి బెంచీ మీద కూర్చుని ఒక కాఫీ తాగి రెండు రౌండ్లు నడిచి వెళ్ళిపోతాడు, వారానికి మూడుసార్లు, కాఫీ మాత్రం ఎప్పుడూ లోపలే కొనేవాడు. ఆయన రాకపోతే మేమే అడిగేవాళ్ళం ఏమైందో అని.

పైగా చలికాలం మూసేసే పార్కులకి వచ్చే ఏడాది పాస్‌ల డబ్బు ముందే చేతికొస్తుంది, గేట్లు మూసి ఉన్నప్పుడు కూడా రైడ్ల రిపేర్లకీ జీతాలకీ కావాలి కదా. అందుకే అలాంటి చోట్ల శరదృతువులోనే వచ్చే సీజన్ పాస్‌లు పెడతారు, ఇప్పుడు కొంటే ఈ ఏడాది మిగిలిన రోజులు కూడా ఫ్రీ అని. కొనేవాళ్ళకి అదే మంచి టైమ్. అన్నట్టు సీజన్ పాస్, యాన్యువల్ పాస్ ఒకటి కాదు, సీజన్ పాస్ మీరు జూలైలో కొన్నా సీజన్ అయిపోగానే అయిపోతుంది, యాన్యువల్ అయితే తీసుకున్న రోజు నుంచి పన్నెండు నెలలు. ఈ తేడా తెలీక గేటు దగ్గర గొడవ పడ్డవాళ్ళు ఎంతమందో.

పాస్ వాళ్ళని తగ్గించుకుందాం అనుకుంటే ఏమవుతుందో అమెరికాలో పార్కులు నడిపే సిక్స్ ఫ్లాగ్స్ కంపెనీ చూసింది. 2021 చివర్లో కొత్త సీఈఓ వచ్చి, 2022లో డిస్కౌంట్లు కోసేసి రేట్లు పెంచారు, జనం 2021లో దాదాపు 2.77 కోట్లు ఉంటే 2.05 కోట్లకి పడిపోయారు. ఒక్కో మనిషి పెట్టే ఖర్చు పెరిగింది నిజమే, కానీ మొత్తం ఆదాయం కూడా తగ్గింది. 2024లో సీడార్ ఫెయిర్ అనే ఇంకో పార్కుల కంపెనీతో కలిసిపోయారు. కాబట్టి పార్కులకి కూడా ఇది ఇంకా చేతికి చిక్కని లెక్కే, వచ్చే ఏడాది మళ్ళీ మారుస్తారు చూడండి.

క్యూలో_ఉన్నా:

అందరూ రిజర్వేషన్‌ని తిడుతున్నారు, నాకు మాత్రం నచ్చింది బాబూ. ముందు పాస్ ఉన్నవాళ్ళందరూ ఒకే శనివారం వచ్చిపడేవాళ్ళు, పార్కింగ్‌లోనే ముక్కాల్గంట. ఇప్పుడు స్లాట్ దొరికిందంటే కాస్త ఊపిరాడుతుంది. కాకపోతే బుక్ చేసి వెళ్ళకపోతే శిక్ష ఉంటుంది, చూసుకోండి. మ్యాజిక్ కీ మొదలైనప్పుడు 90 రోజుల్లో మూడుసార్లు బుక్ చేసి రాకపోతే 30 రోజులు కొత్త బుకింగ్ చెయ్యనివ్వరు అని రూల్ పెట్టారు, ముందురోజు రాత్రిలోపు క్యాన్సిల్ చేస్తే సరిపోయేది. పిల్లలున్న ఇంట్లో జ్వరం ముందురోజు చెప్పి రాదు కదా అంటారేమో, అది నిజమే.

ఇద్దరు_పిల్లల_అమ్మ:

థాంక్యూ అందరికీ, ముఖ్యంగా మాస్టారికి. రాత్రి కూర్చుని ఫోన్ గ్యాలరీ తిరగేశా, పార్కులో తీసిన ఫొటోల తేదీలు చూసి పోయినేడాది ఎన్నిసార్లు వెళ్ళామో రాసుకున్నా. నేను ముప్ఫైసార్లు వెళ్ళుంటాం అనుకున్నా, తీరా చూస్తే 17. అందులో 11 స్కూల్ ఉన్న రోజు సాయంత్రాలే! వీకెండ్ నాలుగు, సెలవులు రెండు, ఆ రెండూ చుట్టాలొచ్చినప్పుడు, ఆ రోజు ఎండలో ఒక్క రైడ్‌కి గంటన్నర నిలబడి చిన్నోడు నా చెప్పు మీద నిద్రపోయాడు. అంటే చవక పాస్ బ్లాక్ చేసే రోజులు మేమెలాగూ పెద్దగా వెళ్ళని రోజులే. వీక్‌డే చవక టికెట్‌తో భాగిస్తే ఆరోసారికే గిట్టేస్తోంది.

నాకున్న భయం ఒక్కటే, మేం అప్పటికప్పుడు సాయంత్రం నాలుగింటికి హోంవర్క్ అయితే అనుకుని బయల్దేరే రకం, రిజర్వేషన్ దొరుకుతుందా అని. ఈ వారమంతా రోజూ నాలుగింటికి వాళ్ళ యాప్‌లో చూస్తూ వచ్చా, సోమ నుంచి గురు దాకా అదే రోజుకి స్లాట్లు ఖాళీగానే ఉన్నాయి, శుక్రవారం మాత్రం లేవు. ఇంకొకటి, ఆ నెలనెలా కట్టే మెంబర్‌షిప్ చూస్తే మొత్తం మీద పాస్ కన్నా కొంచెమే ఎక్కువ, అది తీసుకోవచ్చా?

చిన్న_అక్షరాలు_చదివేవాడు:

అక్కా ఆగండి, ఆ మెంబర్‌షిప్ పేజీ అడుగున చూశారా? మా ఇంట్లో ఒకటి ఇలాగే మెడకి చుట్టుకుంది. నెలనెలా అంటే ఎప్పుడైనా ఆపేయొచ్చు అనుకున్నాం, తీరా చూస్తే కనీసం పన్నెండు నెలలు కట్టాలి, ఆ తర్వాత మనం ఆపమనే దాకా దానంతట అదే కొనసాగుతుంది. ఆపాలంటే యాప్‌లో బటన్ లేదు, ఫోన్ చెయ్యాలి, ఫోన్లో మ్యూజిక్ వినాలి. మేం పదమూడో నెల, పద్నాలుగో నెల కూడా కట్టాం, ఆ రెండు నెలల్లో పార్కు మొహం చూస్తే ఒట్టు. జిమ్‌కి డబ్బు కట్టి వెళ్ళనివాళ్ళ మీదే జిమ్ నడిచినట్టు ఇది కూడా. పాస్‌నే వాయిదాల్లో వడ్డీ లేకుండా కట్టమంటే అది వేరు, అది మంచిదే, పన్నెండో నెలకి ఆగిపోతుంది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, "ఆటోమేటిక్‌గా కొనసాగుతుంది" అనే ముక్క ఉందా లేదా అని వెతకండి.

ఇంకో మాట, చాలా పార్కుల్లో ఆ రోజు కొన్న టికెట్ డబ్బుని అదే రోజు సాయంత్రం లోపు పాస్‌లోకి మార్చుకోనిస్తారు. మీ ఆయన ఒప్పుకోకపోతే ఒకరోజు టికెట్ తీసుకుని తీసుకెళ్ళండి, బయటికొచ్చేముందు అడగండి.

లెక్కల_మాస్టారు:

17లో 11 వీక్‌డేలా! అయితే ఇంక ఆలోచించక్కర్లేదు, చవకదే. మీ ఆయన ఎన్నిసార్లు వచ్చారో కూడా గ్యాలరీలో చూడండి, నలుగురికీ కొనాలని ఏముంది. డిస్కౌంట్లు ఇంట్లో ఒక్కళ్ళకి పాస్ ఉంటే బిల్లు మొత్తానికి వచ్చే చోట్లు ఉన్నాయి.

ఇద్దరు_పిల్లల_అమ్మ:

చూశా మాస్టారూ. 17లో ఆయన వచ్చింది మూడుసార్లు, రెండు ఆ సెలవు రోజులే, ఇంకోటి పెద్దదాని పుట్టినరోజు. మెంబర్‌షిప్ పేజీలో ఆ "ఆటోమేటిక్‌గా" ముక్క దొరికింది, చిన్న అక్షరాల తమ్ముడికి దండం. ఇందాకే నాకూ పిల్లలకీ చవక పాస్‌లు మూడు తీసేసుకున్నా, ఒకేసారి కట్టేశా, ఆయన వచ్చినప్పుడు టికెట్ కొందాం అని. మానేద్దాం అన్న మనిషే ఇప్పుడు "అంటే నాకొక్కడికే పాస్ లేదా" అని మొహం ముడుచుకుని కూర్చున్నారు.

అన్నట్టు చిన్నోడి ఫొటో మారుస్తారా అని అడిగితే రెన్యువల్‌కి పాతదే వస్తుందన్నారు.