యాప్ చూపే యూనిట్లా, గోడ దగ్గర మీటరా? కారు చార్జింగ్‌కు ఏ లెక్క న్యాయం?

కూకట్‌పల్లి నివాసి:
మా అపార్ట్‌మెంట్‌లో రెండు ఎలక్ట్రిక్ కార్లున్నాయి. ఒకటి నాది. రెండూ పార్కింగ్‌లోని సాకెట్ల దగ్గరే చార్జింగ్ అవుతాయి, ఆ కరెంటు ఉమ్మడి మీటరులో పడుతుంది. ఫోనులోని కారు యాప్ చూపిన యూనిట్లకు, ఒక్కోదానికి 10 రూపాయల చొప్పున సంఘానికి కడుతున్నాం. ఇది తప్పు లెక్క అని నేనంటున్నాను. ఈ తప్పులో లాభపడుతున్నది నేనే.

పోయిన నెల నా సాకెట్‌కు ముందు ఒక సబ్ మీటరు పెట్టించాను. నా కారు బ్యాటరీ 30.2 యూనిట్లది. 20 శాతం ఉన్నప్పుడు రాత్రి ప్లగ్గు పెట్టి, పొద్దున నిండాక చూశాను. యాప్ 24.1 అంటోంది, సబ్ మీటరు 27.6 తిరిగింది. గోడ నుంచి వచ్చేది దిశ మారుతూ ఉండే ఏసీ కరెంటు, బ్యాటరీకి కావలసింది ఒకే దిశలో పారే డీసీ కరెంటు. మార్పిడిలో కొంత వేడిగా పోతుంది. చార్జింగ్ సాగినంతసేపూ మేలుకుని ఉండే కారు కంప్యూటర్లు, చల్లబరిచే పంపు మరికొంత తాగుతాయి. యాప్ చెప్పేది బ్యాటరీలోకి చేరినదాని గురించే. కరెంటు పంపిణీ సంస్థ డిస్కం మాత్రం గోడ దగ్గర దిగినదంతటికీ బిల్లు వేస్తుంది.

నెలకు 8 సార్లు నింపుతాను. అంటే 28 యూనిట్లు, 280 రూపాయలు నేను కట్టడం లేదు. నాలుగో అంతస్తులో స్కూటరు కూడా లేని పింఛనుదారు ఒకాయన ఉన్నారు. నా కారు వాడిన కరెంటులో ఆయన వాటా కడుతున్నారు. వేరే మీటరు తప్పనిసరి చేయాలని సంఘాన్ని అడగబోతున్నాను. మీరేమంటారు?

నిజామాబాద్ సొంతిల్లు:
మీ ఉద్దేశం మంచిదే, కానీ మీటరు అక్కర్లేదు. యాప్ లెక్కకు 15 శాతం కలిపి కట్టండి, సరిపోతుంది. ఒక పరికరం పెంచితే ప్రమాదానికి ఒక చోటు పెరిగినట్టే. కరెంటు కొలిచే స్మార్ట్ ప్లగ్గు ఒకటి కొన్నాను. 16 ఆంపియర్లని రాసి ఉంది. మూడో వారం పొద్దున తీయబోతే చేయి చురుక్కుమంది. పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, మెత్తబడి ఉంది. గీజరు అరగంట వాడతాం, కారు ఎనిమిది గంటలు లాగుతుంది. ఆ తేడాకు అది నిలవలేదు.

నాకు కావలసిన లెక్క డిస్కం మీటరులోనే ఉంది. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఇంటి చార్జింగ్‌కు గృహ వినియోగ ధరే. కాబట్టి చూసుకోవలసింది శ్లాబులు. 2022లో వచ్చిన తెలంగాణ పట్టిక ప్రకారం, నెలకు 200 దాటిన ఇళ్లకు మొదటి 200 యూనిట్లు 5.10 చొప్పున, ఆపైన 300 దాకా 7.70, 400 దాకా 9, తర్వాత 800 దాకా 9.50. మా ఇంటి వాడకం 260 ఉండేది, కారు వచ్చాక 480. ఆ 220 యూనిట్లకు నాకు పడింది 1,968 రూపాయలు, యూనిట్‌కు దాదాపు 9. ఇది తెలుసుకోవడానికి ఏ పరికరమూ కొనలేదు.

విజయవాడ వైర్‌మన్:
ఇద్దరూ డబ్బు లెక్కే చూస్తున్నారు. మీటరు చెప్పే ముఖ్యమైన విషయం వోల్టేజీ. ఒక ఇంట్లో చార్జింగ్ మొదలుకాక ముందు సాకెట్ దగ్గర 236 ఉంది, మొదలవగానే 212కు పడింది. వీధిలో అంతా బాగానే ఉంది. సాకెట్ విప్పితే న్యూట్రల్ స్క్రూ వదులుగా ఉంది, వైరు తొడుగు నల్లబడింది. యాప్ మాత్రం అన్ని రోజులూ చార్జింగ్ సవ్యంగా సాగుతోందనే చూపింది. మీటరు లేకపోతే అది ఎప్పటికి తెలిసేదో!

ప్లగ్గులాంటివి వద్దన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. లోడు మించితే కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్చులుండే పెట్టెలో, లోహపు పట్టీకి బిగించే మీటరు పెట్టించండి. స్క్రూలు గట్టిగా బిగించి, కరెంటు లీకైతే సరఫరా ఆపే ఆర్‌సీసీబీ, ఎర్తింగ్ సరిచూసి, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగండి.

కొనలేనివారు డిస్కం మీటరు మీద మిణుకుమిణుకుమనే ఎర్రదీపాన్ని చూడండి. పక్కన యూనిట్‌కు ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది. 3200 అని ఉంటే, ఇంట్లో మిగతావన్నీ ఆపి, ఒక నిమిషం ఫోనులో వీడియో తీసి, నిదానంగా నడిపి లెక్కపెట్టండి. 170 వస్తే కారు దాదాపు 3.2 కిలోవాట్లు లాగుతున్నట్టు.

కూకట్‌పల్లి నివాసి:
వైర్‌మన్ గారూ, మీ మాట చదివాక నిన్న సాకెట్ విప్పించి చూపించాను. బాగానే ఉంది.

నిజామాబాద్ మిత్రమా, 15 శాతమన్న లెక్క నిలవదు. చార్జింగ్‌ను 10 ఆంపియర్లకు తగ్గించి మళ్లీ నింపాను. యాప్ అదే 24.1, మీటరు 28.7. గంటలు పెరిగేకొద్దీ ఆ పంపు, కంప్యూటర్లు తాగేది పెరుగుతుంది. మొదటిసారి తేడా 14.5 శాతం, ఇప్పుడు 19. రెండో కారు ఆయన 10 ఆంపియర్లలోనే పెడతారు. ఇద్దరికీ ఒకే శాతం ఎలా వేస్తాం?

నిజామాబాద్ సొంతిల్లు:
ఉమ్మడి మీటరు ఉన్నచోట మీరన్నది ఒప్పుకుంటున్నాను. ఒకరి వాడకం మరొకరి బిల్లులో పడుతున్నప్పుడు అంచనా పనికిరాదు. సొంత మీటరున్న ఇంటికి మాత్రం తప్పనిసరి అనకండి. వోల్టేజీ సంగతి నేను ఆలోచించలేదు, ఈ ఆదివారం చూపిస్తాను.

ఒక అపార్ట్‌మెంట్ కార్యదర్శి:
మా దగ్గరా ఇదే గొడవ. మీటరు ఖర్చు ఎవరిది? కారు లేనివాళ్లు మేమెందుకు పెట్టాలంటున్నారు.

కూకట్‌పల్లి నివాసి:
కారున్నవాళ్లదే. నాది నేనే పెట్టుకున్నాను. నెల మొదటి తేదీన కార్యదర్శి సమక్షంలో రీడింగ్ ఫోటో తీసి నోటీసు బోర్డులో పెట్టాలి. ఇంకొకటి, కారు కొన్న 9 నెలలకు 280 చొప్పున 2,520 రూపాయల చెక్కు రాసి ఉంచాను. ఆదివారం సమావేశంలో ముందు అది ఇచ్చాకే తీర్మానం గురించి మాట్లాడతాను.