పాత ఎల్పీలు కడిగే నీళ్లలో ఆల్కహాల్ కలపాలా, వద్దా?

పాతపెట్టె:
చాలాకాలం మూలన పడి ఉన్న ఎల్పీల (వినైల్ గ్రామఫోన్ రికార్డుల) పెట్టె ఒకటి బయటికి తీశాను. కొన్నిటి మీద దుమ్ము, కొన్నిటి మీద వేలిముద్రలు, రెండు మూడింటి మీద తెల్లటి బూజు చుక్కలు ఉన్నాయి. నీళ్లలో పావు వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి తుడవమని ఒకరు అంటున్నారు. ఆల్కహాల్ తగిలితే వినైల్ పెళుసెక్కుతుందని ఇంకొకరు భయపెడుతున్నారు. అడుగున కొన్ని బరువైన 78లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు రికార్డులు) కూడా ఉన్నాయి. ఎవరి మాట నమ్మాలో, ఎందుకు నమ్మాలో చెప్పండి.

స్వరజతి:
కలపండి, సందేహం వద్దు. మామూలు నీళ్లు రికార్డు మీద ముత్యాల్లా జారిపోతాయి తప్ప గాడిలోకి దిగవు. ఆల్కహాల్ కలిస్తే వెంటనే పరుచుకుంటాయి, వేలిముద్రల జిడ్డు వదులుతుంది, త్వరగా ఆరుతుంది. నేను ఎప్పటి నుంచో ఇలాగే చేస్తున్నాను, ఒక్క రికార్డూ పాడవలేదు.

గాడిలోగానం:
స్వరజతి గారూ, మీ ఎల్పీలు బాగున్నాయంటే నమ్ముతాను. కానీ అడిగినవారి పెట్టెలో 78లు కూడా ఉన్నాయి కదా! వాటిలో ఎక్కువ భాగం లక్కతో చేసినవి. చెక్క సామాన్లకు వేసే లక్క పాలిష్‌ను స్పిరిట్‌లోనే కరిగిస్తారు. ఆ స్పిరిట్‌నే లక్క రికార్డు మీద రుద్దితే మురికితో పాటు పాట కూడా పోతుంది. పోయాక తిరిగి తెచ్చుకోలేం. అందుకే సీసా మూత తీసే ముందే రికార్డు దేంతో చేసిందో తేల్చుకోవాలి. లక్కది మందంగా, బరువుగా ఉంటుంది, వంగదు, కింద పడితే పగులుతుంది. వినైల్ కాస్త వంగుతుంది. వంచి చూసి పరీక్షించవద్దు, చేతిలోకి తీసుకుంటేనే తేడా తెలుస్తుంది. చివరి రోజుల్లో వినైల్‌తో చేసిన 78లు కూడా కొన్ని వచ్చాయి. అనుమానం ఉంటే లక్కదే అనుకోండి.

ఇక ఎల్పీల సంగతి. వాటికీ ఆల్కహాల్ అక్కర్లేదనే నా వాదన. నీటిని ముత్యాల్లా ముడుచుకునేలా చేసే తలతన్యత మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. పావు వంతు ఐసోప్రొపైల్ కలిపితే అది సగం కన్నా కిందికి పడిపోతుంది, నిజమే. మంచి సర్ఫక్టెంట్ (సబ్బులా నీటిని పరుచుకునేలా చేసే పదార్థం) రెండు చుక్కలు వేసినా దాదాపు అంతే పడిపోతుంది. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన రికార్డుల కోసం చెప్పిన ద్రావణంలో ఉన్నవి డీఅయొనైజ్డ్ నీళ్లు (లవణాలు తీసేసినవి), కొద్దిగా టర్జిటాల్ అనే సర్ఫక్టెంట్. ఆల్కహాల్ లేదు. పని జరుగుతున్నప్పుడు అదనంగా ఒక ద్రావకం ఎందుకు?

అణువు:
ఇద్దరి మాటల్లోనూ సవరించాల్సినవి ఉన్నాయి. "పెళుసెక్కుతుంది" అనే భయం ఎక్కువగా మెత్తటి పీవీసీని (అదీ ఒక రకం వినైలే) చూసి వచ్చింది. తోట పైపుల్లాంటి వాటికి మెత్తదనం కోసం ప్లాస్టిసైజర్ అనే పదార్థం కలుపుతారు. అది బయటికి పోతే గట్టిపడతాయి. ఎల్పీల్లో వాడేది వినైల్ క్లోరైడ్, వినైల్ ఎసిటేట్ ఒకే అణు గొలుసుగా కలిసిన ప్లాస్టిక్ (కోపాలిమర్). మెత్తదనం కోసం ఎసిటేట్‌ను అణువులోనే కలిపారు కాబట్టి, కొద్ది నిమిషాల తడిలో కరిగి పోయేందుకు విడిగా ప్లాస్టిసైజర్ ఏమీ లేదు. పావు వంతు ఐసోప్రొపైల్‌తో కడిగినంత మాత్రాన వినైల్ నాశనం అవుతుందనడం సరికాదు.

కానీ ఏ సీసా పడితే అది వాడకండి. చేతులకు రాసుకునే శానిటైజర్‌లో గ్లిజరిన్ ఉంటుంది, ఆరాక గాడిలో పొరలా మిగులుతుంది. ఎసిటోన్, థిన్నర్ జోలికి అసలు పోవద్దు. ఐసోప్రొపైల్‌కు నిప్పు అంటుకుంటుంది, కిటికీలు తెరిచి పెట్టండి.

సూదిమొన:
గిన్నెలు తోమే లిక్విడ్ చాలు కదా, ఇంత టెన్షన్ ఎందుకు?

గాడిలోగానం:
చుక్క వేసినా పని చేస్తుంది, సూదిమొన గారూ. చిక్కంతా దాంట్లో ఉండే రంగు, వాసన, చేతుల మెత్తదనానికి కలిపేవి. అవి పూర్తిగా పోయేదాకా కడగాలి. నిజానికి మనం ఇంతసేపు ఆల్కహాల్ గురించి కొట్టుకుంటున్నాం కానీ, పాడయ్యేది ఎక్కువగా కడిగిన తర్వాతి పనిలో. ఎల్పీ గాడి వెడల్పు సుమారు 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). నీళ్లు మురికిని వదిలిస్తాయి, మోసుకుపోవు. ఆ మురికి నీళ్లను అక్కడే ఆరనిస్తే దుమ్మంతా గాడి అడుగున పేరుకుంటుంది. మొదటి వాయింపుకే సూది మొనకు బూడిద రంగు ముద్ద అంటుకుంటే కారణం అదే. కుళాయి నీళ్లలోని లవణాలు కూడా అలాగే మిగిలిపోతాయి. అందుకే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, మళ్లీ కొత్త డిస్టిల్డ్ వాటర్‌తో జాడించి, తడిని పీల్చేయాలి. సక్షన్ మెషీన్ ఉంటే మేలు, లేకపోతే శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో అద్దాలి. రుద్దడం ఎప్పుడైనా గాడి వెంట గుండ్రంగానే, అడ్డంగా కాదు. నీళ్ల వేడి గోరువెచ్చదనం దాటకూడదు, వేడికి వినైల్ వంకర తిరుగుతుంది. మధ్యలో లేబుల్ తడవకుండా చూసుకోండి.

పాతపెట్టె:
మరి బూజు? దానికైనా ఆల్కహాల్ కావాలి కదా?

స్వరజతి:
అక్కడైతే కచ్చితంగా కావాలంటాను.

అణువు:
స్వరజతి గారూ, బూజును చంపాలంటే 70 శాతం దగ్గర ఉండాలి. మీరు చెప్పిన పావు వంతు కడగడానికి సాయపడుతుంది, చంపుతుందని నమ్మకం లేదు. ఇక్కడ చంపడం కన్నా తీసేయడం ముఖ్యం. పొడిగా దులిపితే బీజాలు గదంతా పరుచుకుంటాయి, మీరే పీల్చుకుంటారు. మాస్కు పెట్టుకుని తడిపి తుడవండి, వాడిన గుడ్డ పారేయండి. బూజు తినేది వినైల్‌ను కాదు, ఎక్కువగా కాగితాన్ని. పాత లోపలి కవరు అలాగే ఉంచి రికార్డు కడిగితే అది మళ్లీ వస్తుంది. పాలిథిలీన్ లోపలి కవర్లు తెచ్చుకోండి. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, వాటి ప్లాస్టిసైజర్ రికార్డు మీద పొగమంచు లాంటి మచ్చ వేస్తుంది. గాలిలో తేమ 60 శాతం లోపు ఉండేలా చూసుకోండి, నిలువుగా పెట్టండి.

స్వరజతి:
బూజు విషయం ఒప్పుకుంటాను. లక్క 78ల విషయం అయితే వాదనే లేదు. వేలిముద్రల దగ్గర మాత్రం నా మాట మీదే ఉంటాను: ఎల్పీ మీద ఎండిపోయిన జిడ్డు సర్ఫక్టెంట్‌కు లొంగకపోతే, కాస్త ఆల్కహాల్ కలిపిన నీళ్లు వేయడంలో తప్పు లేదు. జాడించడం మానకుండా ఉంటే చాలు.

గాడిలోగానం:
జాడిస్తే నాకు అభ్యంతరం లేదు. ముందు ఆల్కహాల్ లేకుండా చేయండి, అలా శుభ్రపడని వాటికి మాత్రమే ఆల్కహాల్.

పాతపెట్టె గారూ, 78లను నానబెట్టవద్దు. తడి గుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టండి, ఎందుకంటే లక్కలో కలిపిన పూరక పదార్థాలు తేమకు ఉబ్బుతాయి. పెట్టెలో లోహపు పలక మీద మెరిసే నల్ల పూత ఉన్న డిస్కు కనిపిస్తే, అంచున పూత పెచ్చులుగా లేచినట్టుంటే, అది ఇంట్లో కడగాల్సింది కాదు, ఆర్కైవ్ వాళ్లకు చూపించాల్సింది.

ఎల్పీ కడిగాక వినేటప్పుడు ఒకటి గమనించండి. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో ఒక చుట్టుకు 1.8 సెకన్లు పడుతుంది. అదే వ్యవధిలో మళ్లీ మళ్లీ టిక్కుమంటే అది చాలావరకు గీత, కడిగితే పోదు. క్రమం లేకుండా చిటపటలు వస్తుంటే ఇంకోసారి జాడించి చూడండి.