తొమ్మిది నెలల బాబుకి ‘త’, ‘ట’ తేడా నిలవాలంటే?

నీలిగోరింట:
అమెరికాలో పెరుగుతున్న తొమ్మిది నెలల బాబు. ఇంట్లో తెలుగు, పగలంతా డేకేర్‌లో ఇంగ్లీషు. ఏడాది నిండేలోగా ‘త’, ‘ట’ తేడా పట్టడం తగ్గిపోతుందని చదివాను. నిజమేనా? రోజూ గంటసేపు యూట్యూబ్‌లో తెలుగు పాటలు పెడితే సరిపోతుందా?

అచ్చుహల్లు:
ఇంగ్లీషు ఒక్కటే వినే పిల్లల విషయంలో నిజమేనండీ. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ పరీక్షించింది సరిగ్గా ఈ జంటనే, హిందీ ‘త–ట’ని. బిడ్డ అమ్మ ఒళ్లో ఉంటుంది. స్పీకర్లో ‘త, త, త’ అని వస్తూ వస్తూ ‘ట’ అవుతుంది. మార్పు పసిగట్టి తల తిప్పితే పక్కనున్న పెట్టెలో బొమ్మ వెలిగి ఆడుతుంది. ఇంగ్లీషు ఇళ్ల పిల్లల్లో 6–8 నెలల వాళ్లు చాలామంది పట్టేశారు. 10–12 నెలల వాళ్లలో పట్టినవాళ్లు బహు తక్కువ. హిందీ ఇళ్ల పిల్లలు ఏడాది దగ్గరపడ్డా పట్టారు. చెవి మొద్దుబారడం కాదిది. ఇంగ్లీషులో ఆ తేడాతో అర్థం మారదు గనక బిడ్డ పట్టించుకోవడం మానేస్తుంది. ఇంట్లో తెలుగు నడుస్తున్నంతకాలం ఆ తేడాతో పని పడుతూనే ఉంటుంది.

సందెపొద్దు:
పాటలు పెట్టి వదిలేస్తే లాభం లేదు. 2003లో సియాటిల్‌లో పట్రీషియా కూల్ బృందం 9 నెలల అమెరికన్ పిల్లలకి మాండరిన్ (చైనా భాష) వినిపించింది: 12 విడతలు, ఒక్కోటి సుమారు 25 నిమిషాలు. ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడిన మనుషుల దగ్గర పిల్లలు ఆ శబ్దాలు నేర్చారు. అదే టీవీలో, ఆడియోలో విన్నవాళ్లకి ఏమీ అంటలేదు. అమ్మమ్మతో వీడియో కాల్ నా లెక్కలో నయం, బిడ్డ ‘ఊ’ అనగానే ఆవిడ బదులు పలికితేనే.

మాటలమూట (స్పీచ్ థెరపిస్ట్):
తెలుగులో ఒక చిక్కుంది. ‘చెయ్యి’ అంటాం, మరుక్షణం ‘చేత్తో’, ‘చేతులు’ అంటాం. అన్నీ ఒకే మాటని పసివాడికి ఎలా తెలుస్తుంది? అందుకే స్నానంలో సబ్బు రాస్తూ ముందు ‘చెయ్యి’ అని విడిగా, సాగదీసి అనండి. రెండు మూడు సెకన్లు ఆగి ‘ఏదీ నీ చెయ్యి?’ అనండి, నేర్పే మాట చివర్లో పడితే తేలిగ్గా దొరుకుతుంది. ‘చేత్తో పట్టుకో’ ఆ తర్వాత. బాబు ఎటు చూస్తుంటే దాని పేరే చెప్పండి. కాకి వంక చూస్తుండగా ‘చెంచా’ అంటే ఏ పేరు దేనిదో తెలియదు.

వినడం వేరు, పలకడం వేరు. రెండేళ్లప్పుడు ‘పళ్లు’ని ‘పల్లు’ అన్నా కంగారొద్దు. పది నెలలు దాటినా ‘బబబ, దదద’ రాకపోతే మాత్రం, పుట్టినప్పటి వినికిడి పరీక్ష బాగున్నా సరే, మళ్లీ చేయించండి. జలుబు తర్వాత కర్ణభేరి వెనక నీరు నిలిచినా మాటలు మసకగానే వినిపిస్తాయి.