ఏ కంటెంట్ వస్తే అది రాస్తున్నాను, ఒకదాంట్లో నిలదొక్కుకోవడం ఎలా?

ప్రశ్న (అనంతపురం నుంచి)

అందరికీ నమస్తే. హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. రెండేళ్ల నుంచి ఇంట్లోనే ఉండి పబ్లిషర్లకు, స్కూళ్లకు కంటెంట్ రాసిస్తున్నాను. ఒకటో తరగతి వర్క్‌షీట్లు, ఎనిమిదో తరగతి లెసన్ ప్లాన్లు, టీచర్ గైడ్ అనువాదం, ప్రశ్నపత్రాలు, ఏది వస్తే అది. పనికి కొదవ లేదు గానీ పేజీ రేటు కదలడం లేదు. ఏదో ఒకదాంట్లో స్పెషలైజ్ అవ్వమంటున్నారు. అది ఎలా తేల్చుకోవాలి? తేల్చుకున్నాక మిగతావన్నీ వదిలేయాలా? ఊరు కదలకుండా చేసుకునే దారి ఉంటే చెప్పండి.

జవాబు (కర్నూలు నుంచి)

మేడం, ఏది ఇష్టమో ఆలోచించే ముందు చేసిన పనుల చిట్టా తీయండి. గత 12 నెలల పనులన్నీ ఒక షీట్‌లో ఎక్కించండి. సబ్జెక్టు, తరగతి, సరుకు ఏమిటి (వర్క్‌షీటా, గైడా, ప్రశ్నలా), రాయడానికి పట్టిన గంటలు, సవరణలకు పట్టిన గంటలు, చేతికొచ్చిన డబ్బు, అదే మనిషి మళ్లీ పిలిచారా లేదా. సవరణ గంటలు తప్పకుండా విడిగా రాయండి, మనం మోసపోయేది అక్కడే. పేజీకి 150 చొప్పున 40 పేజీల వర్క్‌బుక్ అంటే 6,000 రూపాయలు. రాయడానికి 20 గంటలు పడితే గంటకు 300 అనిపిస్తుంది. మూడు దఫాల సవరణలకు 12 గంటలు, ఫాంట్ తంటాలకు 4 గంటలు కలపండి, గంటకు 167కు దిగిపోతుంది. ప్రశ్నకు 60 చొప్పున 40 ప్రశ్నలు 6 గంటల్లో, ఒకే సవరణతో, ఇంకో గంటలో ముగిస్తే గంటకు 340 దాటుతుంది. మొత్తం చిన్నదే, పని మాత్రం రెండింతలు లాభం.

ఇక 'లెక్కలు' అనేది స్పెషాలిటీ కిందకు రాదు, అది సబ్జెక్టు. సబ్జెక్టు, ఎవరి కోసం, ఏ సరుకు, ఈ మూడూ ముడిపడితేనే అవతలివాళ్లకు మీరు గుర్తుంటారు. '6 నుంచి 8 తరగతులకు తెలుగు, ఇంగ్లిష్ రెండింటిలో సామర్థ్య ఆధారిత లెక్కల ప్రశ్నలు' అని చెప్పండి, వినగానే ఏం పని ఇవ్వాలో తెలుస్తుంది. సామర్థ్య ఆధారిత ప్రశ్న అంటే కంఠస్థం చేసింది కాకుండా, నేర్చింది నిజ సందర్భంలో వాడగలరా అని చూసేది. దీనికి గిరాకీ ఎందుకంటే, సీబీఎస్‌ఈ 2023-24 నుంచి 9, 10 తరగతుల పేపర్లలో సగం ఇలాంటి ప్రశ్నలకే కేటాయించింది. కింది తరగతుల పుస్తకాలూ ఆ దారే పడుతున్నాయి.

రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, తప్పు ఆప్షన్లు సరిగ్గా రాసేవాళ్లు తక్కువ. ఒకటి చూడండి (లేటరల్ అంటే మొక్కల వరుస వెంట పరిచే సన్నటి డ్రిప్ పైపు, డ్రిప్పర్ అంటే దానికి నీళ్లు చుక్కలుగా వదిలేది):

'12 మీటర్ల డ్రిప్ లేటరల్ పైపుకు మొదటి డ్రిప్పర్ 60 సెం.మీ. దగ్గర ఉంది. అక్కడి నుంచి చివరిదాకా ప్రతి 60 సెం.మీ.కు ఒకటి ఉంది. ఒక్కో డ్రిప్పర్ గంటకు 4 లీటర్లు ఇస్తుంది. గంటలో మొత్తం ఎన్ని లీటర్లు?'

జవాబు 80. తప్పు ఆప్షన్లుగా 75, 85, 90 పెడితే అవి దేనికీ పనికిరావు. 48 పెట్టండి, మీటర్లనే డ్రిప్పర్ల సంఖ్య అనుకున్న పిల్లవాడు అది ఎంచుకుంటాడు. 28.8 పెట్టండి, భాగించాల్సిన చోట గుణించినవాడు దొరుకుతాడు. 20 పెట్టండి, డ్రిప్పర్లు లెక్కించి అక్కడే ఆగిపోయినవాడు దొరుకుతాడు. ఒక్కో తప్పు పక్కన 'ఈ జవాబు రాస్తే టీచర్ ఏం చేయాలి' అని ఒక్క వాక్యం చేర్చి ఇవ్వండి. రేటు పెంచి అడగడానికి మీకు అదే ఆధారం.

జవాబు (కడప నుంచి)

పై సార్ చెప్పింది బాగుంది. అయితే లెక్కల టీచర్ కాబట్టి లెక్కలే అనుకోనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ తొలి చదువుల కార్యక్రమం నిపుణ్ భారత్ 2021 జులైలో మొదలైంది. మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, లెక్కించడం రావాలని, 2026-27 నాటికి సాధించాలని లక్ష్యం. తెలుగులో తొలి చదువు కంటెంట్ రాసేవాళ్లు చాలా అవసరం.

మెళకువ తెలియకపోతే మాత్రం మొదటి పేజీలోనే బోల్తా పడతారు. 'అ' నేర్పడానికి 'అమ్మ' బొమ్మ వేస్తాం. అందులో మకు మ ఒత్తు ఉంది, పిల్లకు ఒత్తులు ఇంకా చెప్పలేదు. చెప్పిన అక్షరాలతోనే చదవగలిగే మాటలు రాయాలి. ప, ల, క చెబితే 'పలక'. దీర్ఘం చేర్చి, ట, త, మ కలిపితే 'పాట, తాత, మామ'. ఏ వారం ఏ అక్షరం, ఏ గుర్తు అనే పట్టిక ముందు వేసుకుని, రాసిన ప్రతి మాటనూ దానితో సరిచూడాలి. మాట కూడా ఇంటి మాటై ఉండాలి. పుస్తకంలో వేరుశనగ అని ఉంటే అనంతపురం బిడ్డ చెనక్కాయ అంటుంది, కర్నూలు బిడ్డ బుడ్డలు అంటుంది. బొమ్మ చూసి సరైన మాట చెప్పిన బిడ్డకు తప్పు పడకూడదు.

ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చుని వాళ్లు చదవడం వినే ఓపిక ఉంటేనే ఇందులోకి రండి. ఆ ఓపిక లేకపోతే లెక్కలే మేలు.

జవాబు (అనంతపురం నుంచి)

రెండు భాషల లెక్కలు ఎంచుకుంటే మొదటి పని పదాల పట్టిక. గుణకం, గుణిజం తారుమారు చేసే అనువాదాలు ఎన్నో. కోఎఫిషియెంట్ గుణకం, మల్టిపుల్ గుణిజం, ఫ్యాక్టర్ కారణాంకం, మీడియన్ మధ్యగతం, మోడ్ బాహుళకం. రాష్ట్ర పాఠ్యపుస్తకంలో ఏ మాట ఉందో దాన్నే వాడండి, సొంత మాటలు పుట్టించకండి.

ఫాంట్ సంగతి కాంట్రాక్ట్ ముందే అడగండి. చాలా ప్రెస్సుల్లో ఇంకా అను ఫాంట్లే (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు). మీ యూనికోడ్ ఫైలు అందులోకి మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతాయి. పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగు సరిగా రావాలంటే వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఎంచుకోవాలి. మార్చిన పేజీని మీరు చూసే ఒక దఫా రేటులో కలపండి. మార్చే పని మాత్రం వాళ్లదని రాయించుకోండి.

అడిగినవారు

చాలా ఉపయోగపడింది. లెక్కల ప్రశ్నల వైపే వెళ్తాను. కొత్తవాళ్లకు శాంపిల్‌గా ఇంతకుముందు పబ్లిషర్‌కు రాసినవి చూపించవచ్చా?

జవాబు (కర్నూలు నుంచి)

ముందు మీ ఒప్పందం చదవండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం జీతం మీద ఉద్యోగిగా రాస్తే హక్కు యజమానిది. ఫ్రీలాన్స్‌గా రాసినదాని మొదటి హక్కు రాసినవాళ్లదే, రాతపూర్వకంగా బదిలీ చేస్తేనే పోతుంది. బదిలీ పత్రంలో గడువు రాయకపోతే అది 5 ఏళ్లు అని లెక్క. మనలో చాలామంది మొత్తం రాసిచ్చేసి సంతకం పెట్టి ఉంటారు, గోప్యత షరతు కూడా ఉంటుంది. కాబట్టి పాతవి చూపకండి, శాంపిల్ కొత్తగా రాయండి.

ఒకే అధ్యాయం తీసుకోండి, నిష్పత్తి, అనుపాతం అనుకుందాం. 12 ప్రశ్నలు, రెండు భాషల్లో, ఒక్కోదానికి జవాబు, తప్పు ఆప్షన్ల కారణాలు, కష్టం స్థాయి. 20 మంది పిల్లల చేత చేయించండి. ఏ ఆప్షన్‌ను ఒక్కరూ ఎంచుకోలేదో దాన్ని మార్చండి. తెలివైన పిల్లలే తప్పు చేసిన ప్రశ్న ఉంటే భాషలో తేడా ఉండొచ్చు, చూసి తిరగరాయండి. ఇంకో ఇద్దరు పిల్లల్ని బయటికి చెబుతూ చేయమనండి, ఏ మాట దగ్గర ఆగుతున్నారో అప్పుడే తెలుస్తుంది.

జవాబు (కడప నుంచి)

మిగతా పని ఒక్కసారిగా వదలకండి మేడం. చిట్టాలో గంటకు అన్నిటికన్నా తక్కువ వచ్చే రకాన్ని ముందు ఆపండి, ఆ గంటలు శాంపిల్‌కు పెట్టండి. ఆర్నెల్లు చూడండి, అప్పటికీ ఒక్కరూ రెండోసారి పిలవకపోతే సబ్జెక్టు మార్చకుండా తరగతినో సరుకునో మార్చి చూడండి. ప్రశ్నలకు బదులు టీచర్ గైడ్ అవ్వచ్చు, 6-8కి బదులు 3-5 అవ్వచ్చు. పదాల పట్టిక, పిల్లల తప్పుల జాబితా మీ దగ్గరే ఉంటాయి కాబట్టి చేసిన పని వృథా కాదు.

అడిగినవారు

సరే అక్కా. ఈ ఆదివారం చిట్టా వేస్తాను. ప్రశ్నకు ఎంత అడగాలి, అది కూడా చెప్పేయండి.

జవాబు (కర్నూలు నుంచి)

మొదటి 10 ప్రశ్నలకు గడియారం పెట్టుకోండి. రాయడం, రెండో భాష, ఒక సవరణ, మూడూ కలిపి ఒక్కో ప్రశ్నకు సగటున 20 నిమిషాలు పడితే, గంటకు మీకు 450 కావాలంటే, ప్రశ్నకు 150. బొమ్మ వేయాల్సినవి విడి రేటు. రెండో సవరణ నుంచి గంట లెక్కన అని ముందే రాతలో పెట్టండి.