స్క్వీజర్ తెరిస్తే 60 హెర్ట్జ్ కింద శబ్దం పెరుగుతోంది, ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: గురుత్వ తరంగాల డిటెక్టర్‌లోకి బీమ్ డైవర్టర్ (స్క్వీజర్ కాంతి దారిని తెరిచి మూసేది) తెరిచి స్క్వీజ్డ్ కాంతి (క్వాంటం శబ్దం తగ్గేలా స్క్వీజర్ తయారుచేసిన కాంతి) పంపితే 100 హెర్ట్జ్ పైన శబ్దం 3 డెసిబెల్స్ తగ్గుతోంది. 60 కింద మాత్రం పెరుగుతోంది. స్క్వీజింగ్ కోణం మార్చినా పూర్తిగా పోవట్లేదండీ.

జవాబు: ముందు స్పెక్ట్రోగ్రామ్ (ఏ ఫ్రీక్వెన్సీలో శబ్దం కాలంతో ఎలా మారుతోందో చూపే పటం) తీయండి. సగటు స్పెక్ట్రంలో రేడియేషన్ ప్రెజర్ శబ్దాన్నీ (కాంతి అద్దాల్ని నెట్టడం వల్ల వచ్చేది) చెదిరిన కాంతినీ విడదీయడం కష్టం. మొదటిది నిలకడగా, నునుపుగా ఉంటుంది. రెండోది కమానులు కడుతుంది. కాంతిని వెనక్కి చిమ్మే తలం వేగాన్ని రెట్టింపు చేసి తరంగదైర్ఘ్యంతో భాగిస్తే కమాను శిఖరం వస్తుంది. లేజర్ 1064 నానోమీటర్లు, సముద్రపు అలల కంపం వల్ల వచ్చే ఊపు 0.15 హెర్ట్జ్, 5 మైక్రోమీటర్లు అనుకుంటే శిఖరం దాదాపు 9 హెర్ట్జ్. ఒక్కో ఊపుకి రెండు కమానులు, అంటే 3.3 సెకన్లకొకటి. అదే దారిలో కాంతి రెండుసార్లు తిరిగితే 18. మీ 60కి సముద్రపు అలల కంపం ఒక్కటే చాలదు, 1 హెర్ట్జ్ దగ్గర సస్పెన్షన్ (అద్దాన్ని వేలాడదీసే అమరిక) ఊగుతోందేమో చూడండి.

ప్రశ్న: కమానులు ఉన్నాయి. డైవర్టర్ మూస్తే కనబడట్లేదు. స్క్వీజర్ దారే అనుకోవచ్చా?

జవాబు: తొందరపడకండి. మూయగానే షాట్ శబ్దం (కాంతి కణాలు విడివిడిగా రావడం వల్ల వచ్చేది) లేచి కమానుల్ని కప్పేయొచ్చు. తెరిచే ఉంచి, స్క్వీజర్ దారిలోని ఒక స్టీరింగ్ అద్దాన్ని 1 హెర్ట్జ్‌తో 2.5 మైక్రోమీటర్లు ఊపండి. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కాంతి దాని మీద పడుతుంది కాబట్టి ఇక్కడ రెట్టింపు కాదు, నాలుగింతలు వేసుకోవాలి. కాంతి అద్దానికి దాదాపు లంబంగా పడితే స్పెక్ట్రంలో కనిపించే శబ్దపు గుట్ట అంచు 59 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. ఊపు రెట్టింపు చేస్తే 118కి జరగాలి. జరిగితే దారి దొరికినట్టే. స్క్వీజింగ్ కోణాన్ని నిలబెట్టే ఫేజ్ లూప్ సాచురేట్ కాకుండా (తన హద్దు దాటకుండా) ఓ కన్నేసి ఉంచండి.

తర్వాత ఓపీవోని (స్క్వీజ్డ్ కాంతిని పుట్టించే, అద్దాల మధ్య కాంతి తిరిగే కేవిటీ) రెజొనెన్స్ నుంచి తప్పించి అదే పరీక్ష చేయండి. గుట్ట పడిపోతే చెదిరేది కేవిటీ లోపల. పడకపోతే దాని ముందున్న ఆప్టిక్స్‌ని అనుమానించాలి.

మరొకరు: స్క్వీజర్‌దే తప్పని తేలకపోతే ఎండ్ స్టేషన్ (డిటెక్టర్ చేతి చివర ఉండే భాగం) కూడా చూడండి. అమెరికాలోని గురుత్వ తరంగాల డిటెక్టర్ లైగో మూడో పరిశీలనా విడతలో చివరి అద్దానికీ దాని వెనకున్న రియాక్షన్ మాస్ (అద్దాన్ని కదిలించడానికి దాని వెనక వేలాడదీసిన మరో దిమ్మ) మీది బంగారు గీతలకీ మధ్య కాంతి తిరిగేది. 2020 జనవరిలో ఆ మాస్‌ని అద్దంతో కలిసి కదిలేలా చేశాక బాగా తగ్గింది.

ప్రశ్న: ఇంకో ఫారడే ఐసొలేటర్ (కాంతిని ఒకే దిశలో పోనిచ్చేది) పెట్టేస్తే సరిపోదా?

జవాబు: 20 డెసిబెల్స్ ఐసొలేషన్ కలిపితే ఈ శబ్దం పదో వంతుకి దిగుతుంది, నిజమే. కానీ 1 శాతం నష్టానికే 10 డెసిబెల్స్ స్క్వీజింగ్ 9.6 అవుతుంది, 3 శాతానికి 9. అందుకే ముందు దుమ్ము తుడిచి, దారి తప్పిన గోస్ట్ బీమ్‌లన్నిటికీ (అనవసరపు ప్రతిబింబ కిరణాలు) నల్లగాజు బీమ్ డంప్‌లు (కాంతిని పీల్చేసేవి) పెట్టండి. ఆ డంప్‌లు గట్టిగా బిగించండి, ఊగే డంప్ మళ్లీ కమానులే కడుతుంది.