ముక్కు కుట్టించి 5 వారాలు: పసుపా, సెలైనా? అమ్మమ్మకీ వదినకీ మధ్య నా ముక్కు నలిగిపోతోంది

విజీనగరం_పిల్ల:
అందరికీ నమస్తే. పైడితల్లమ్మ సిరిమానుకి ముక్కుపుడకతో వెళ్ళాలని మోజు పడి ముందే ఊళ్ళో ఒక షాపుకెళ్ళి గన్‌తో కొట్టించీసుకున్నాను. 5 వారాలైంది. మొదటి వారం బాగానే ఉంది, తర్వాత నుంచి తుమ్మితే ప్రాణం పోతోంది, పుడక పక్కన ఎర్రగా చిన్న బుడిపె లేచింది, పొద్దున్న లేచేసరికి పసుప్పచ్చగా చెక్కు కట్టీసి ఉంటోంది. అమ్మమ్మ నరసన్నపేట దగ్గర పల్లె నుంచి వచ్చి చూసి "రోజూ తిప్పలేదేటే, అందుకే అంటుకుపోనాది" అని కొబ్బరినూనె వెచ్చబెట్టి పసుపు కలిపి రెండు పూటలా రాసి పుడక గిర్రున తిప్పుతోంది. మా వదిన నర్సింగ్ చదివింది, ఆవిడేమో ఫోన్లో "పసుపు వద్దు, తిప్పొద్దు, సెలైన్ తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దు" అంటోంది. ఇంట్లో వంకాయ, చేపలు, గుడ్డు కూడా బంద్. ఎవరి మాట వినాలి? కుట్టించుకున్నవాళ్ళు చెప్పండి, వాట్సాప్‌లో వచ్చినవి వద్దు.

ఉద్దానం_జీడిపిక్క:
అమ్మా, మీ అమ్మమ్మ మాటే విను. మా మామ్మకి రెండు వైపులా పుడకలు, మధ్యలో అడ్డబాస, చెవికి పై నుంచి కింద దాకా పోగులు. కంసాలి వచ్చి గుమ్మంలో కూర్చోబెట్టి గుచ్చీసి పోయేవోడు, తర్వాత పసుపూ నూనే, మరేటీ లేదు. సెలైన్ అప్పుడెక్కడిది? ఎవరి ముక్కైనా ఊడిపోయిందేటి?

ఏడురోడ్ల_ఫార్మసీ:
అప్పా, ఊడిపోయినవాళ్ళ లెక్క ఎవరు రాసారు? బాగున్న ముక్కులే కదా ఇవాళ మనకి కనిపిస్తున్నాయి, మిగతావాళ్ళు చెక్కు రాలిపోయాక పుడక తీసీసి ఊరుకున్నారు.

నేను శ్రీకాకుళంలో మందుల షాపులో కూర్చుంటాను, వారానికి ఇద్దరు ముగ్గురు ఇలాగే వస్తారు. చెల్లెమ్మా, ఆ పసుప్పచ్చ చెక్కు చీము కానక్కర్లేదు, మానుతున్న కంతలోంచి ఊరే నీరు ఎండిపోతే అలాగే ఉంటాది. దాన్ని విరగ్గొట్టి పుడక తిప్పితే ఆ చెక్కు ముక్కలన్నీ లోపలికి పోయి కొత్తగా పట్టిన సన్నపొరని గీరేస్తాయి, అంటే అమ్మమ్మ రోజుకి రెండుసార్లు పుండుని మళ్ళీ మొదట్నించి మొదలెడుతోంది. అంటుకుపోతాదనే భయం అక్కర్లేదు, చర్మం లోహానికి అతుక్కోదు. ఇక వంటింటి పసుపు. పసుపులో గుణం లేదనట్లేదు, కానీ ఆ పొడి శుభ్రం చేసినది కాదు, రంగు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసం రంగు కలిపేవాళ్ళు కూడా ఉన్నారు, పైగా నూనెతో ముద్దయి కంతకి మూత పడినట్టే ఉంటాది. డెట్టాల్, స్పిరిట్, పెరాక్సైడ్ కూడా వద్దు, కొత్త చర్మాన్ని మండించి ఎండగొట్టీస్తాయి.

సెలైన్ అంటే 0.9 శాతం ఉప్పు ఉన్నది. నెబ్యులైజర్‌లో వేసే చిన్న ప్లాస్టిక్ గొట్టాలు అడుగు, ఒక్కోసారికి ఒకటి సరిపోతాది, కాకపోతే వాటిలో 3 శాతంవి కూడా ఉంటాయి, లేబుల్ చూసి 0.9 అని ఉంటేనే తీసుకో. పెద్ద సెలైన్ బాటిల్ కొని నెల రోజులు దాచుకునేవాళ్ళున్నారు, అందులో పాడవకుండా ఉంచే మందేమీ ఉండదు, తెరిచిన మర్నాడు పారబోయాల్సిందే.

ఉద్దానం_జీడిపిక్క:
మా పసుపు కొమ్ములు కొని మేమే ఆడించుకున్నది బాబూ, రంగు కలపడానికి మాకేటి పని. అయినా ఉప్పునీళ్ళేగదా కావాల్సింది, బారువ సముద్రంలో ఓ మునుగు మునిగితే అయిపోద్ది, గొట్టాలెందుకు 😄

ఏడురోడ్ల_ఫార్మసీ:
సముద్రం అసలు వద్దు అప్పా! నాగావళీ వద్దు, చెరువూ వద్దు. కంత మానేదాకా మునకలు బంద్. సముద్రంలో ఉప్పు 3 శాతం పైమాటే, ఉప్పుతో పాటు ఇంకేం ఉంటాయో మీకూ తెలుసు.

రాజాం_కుర్రోడు:
నా అనుభవం ఒకటి చెప్తాను, ముక్కు కాదు చెవి పైభాగం. విశాఖలో సూదితోనే వేయించాను, వేసినాయన శుభ్రంగానే వేసాడు, తప్పు నాదే. అదే వైపు పడుకునేవాణ్ణి, బైక్ మీద రోజూ రాజాం నుంచి తిరుగుడు, హెల్మెట్ తీసినప్పుడల్లా పట్టీసేది. 3వ నెలలో చెవి అప్పంలా వాచి వేడెక్కిపోయింది. డాక్టర్ గారు చూసి మృదులాస్థికి, అంటే చెవిలో ఉండే మెత్తటి ఎముకకి, సొంతంగా రక్తం అందదు, చుట్టూ ఉన్న పొర నుంచే అందాలి, ఇన్ఫెక్షన్ ముదిరితే చెవి ఆకారమే ముడుచుకుపోద్ది అని యాంటీబయాటిక్ రాసారు. పోగు పీకేద్దామంటే ఆగమన్నారు, పీకేస్తే పైన మూసుకుపోయి లోపల చీము ఉండిపోతాదంట. చెవి దక్కింది. మా నాన్న మాత్రం ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడట్లేదు, అది వేరే విషయం.

అందుకని పసుపా సెలైనా అని కాదు, ముట్టుకోకుండా ఉండడమే కష్టం.

కంసాలి_వీధి_మనవడు:
ఇందాకట్నుంచి చదువుతున్నాను, అందరూ మందు గురించే కొట్టుకుంటున్నారు, పిల్ల ముక్కులో ఉన్నది ఏటని ఎవరూ అడగలేదు!

మా తాత బొబ్బిలి వైపు పల్లెల్లో చెవులూ ముక్కులూ కుట్టేవాడు. ఆయన గుచ్చింది బంగారు తీగతో, కొస సన్నగా సాన పెట్టి, గుచ్చిన తీగనే వంచి రింగులా వదిలీసేవాడు. వెనక సీల లేదు, బిళ్ళ లేదు, ముక్కు వాచినా తీగకి జాగా ఉండేది, గాలి ఆడేది. మంచి బంగారం కాబట్టి దురద కూడా తక్కువే. పసుపు నూనె రాయమనేది చెక్కు నానడానికి, నానాకే కదపమనేవాడు, అదీ సన్నటి నున్నటి తీగ కాబట్టి సాగింది. గన్ అలాక్కాదు. మొండి కొన ఉన్న పుడకని స్ప్రింగ్‌తో తోసేస్తాది, కోయదు, నలిపేస్తాది. పుడక పొట్టిది, వెనక బిళ్ళ ముక్కు లోపల కండని నొక్కేసి ఉంటాది, తడంతా అక్కడే నిలవ. ఆర్టిఫిషియల్ లోహమైతే నికెల్ ఉండొచ్చు, నికెల్ పడనివాళ్ళకి ఎర్రబారడం, దురద, రసి కారడం మామూలే. అంటే పాత మందు తెచ్చి కొత్త మేకుకి రాస్తున్నాం. మీ అమ్మమ్మదీ తప్పు కాదు, ఆవిడ చూసిన ముక్కుల్లో ఉన్న నగ వేరు.

అలాగని తాతని నెత్తిన పెట్టుకోను. బంగారం తెచ్చుకోలేనివాళ్ళకి ఒకే సూదితో గుచ్చి వేపపుల్ల పెట్టి పంపేవాడు. సూది దీపం మీద కాల్చేవాడు గానీ ఎన్నిసార్లు కాల్చాడో ఎన్నిసార్లు మర్చిపోయాడో దేవుడికే ఎరుక. రక్తం ద్వారా హెపటైటిస్ బి అంటుకుంటాదని ఆ రోజుల్లో మా వీధిలో ఎవరికీ తెల్దు.

చెల్లీ, అద్దంలో చూడు. పుడక తలకీ చర్మానికీ మధ్య సందు ఏమైనా ఉందా?

విజీనగరం_పిల్ల:
అస్సలు లేదన్నా. తల సగం లోపలికి దిగిపోయినట్టే ఉంది 😟 ఆ బుడిపె కెలాయిడ్, అంటే గడ్డలా పెరిగే మచ్చ అంటోంది మా ఫ్రెండ్.

ఏడురోడ్ల_ఫార్మసీ:
నిజమే, అది నేనే అడగాల్సింది. 5 వారాలకి కంత పక్కనే చిన్నగా ఉంటే కెలాయిడ్ కాకపోవడానికే ఎక్కువ అవకాశం, కెలాయిడ్ అయితే నెమ్మదిగా వచ్చి గాయం హద్దు దాటి పెరుగుతూ పోతాది. ఇది రాపిడికీ ఒత్తిడికీ లేచినదిలా ఉంది. కానీ చూడకుండా నేను తీర్పు చెప్పను, తల లోపలికి దిగుతోందంటే ఒకరోజు కూడా ఆగకుండా డాక్టర్‌కి చూపించు. ఎరుపు ముక్కు మీదకి పాకినా, జ్వరం వచ్చినా, వాసనతో చిక్కటి చీము కారినా అసలు ఆలోచించొద్దు. ఇంట్లో నువ్వే పీకొద్దు.

ఉద్దానం_జీడిపిక్క:
నగ బిగుసుగా ఉందంటే నేనూ ఒప్పుకుంటాను, మా చిన్నదానికీ అలగే అయ్యింది. పసుపు తప్పంటే మాత్రం ఒప్పుకోను.

విజీనగరం_పిల్ల:
(12 రోజుల తర్వాత) డాక్టర్ గారికి చూపించాను, ఇన్ఫెక్షన్ లేదు, బిగుతే అన్నారు. విశాఖలో సూదితో వేసే ఒకావిడ దగ్గరికెళ్ళి టైటానియంది, వెనక చదునుగా కాస్త పొడుగ్గా ఉన్నది మార్పించాను. వాపు పూర్తిగా తగ్గాక మళ్ళీ వచ్చి పొట్టిది వేయించుకోవాలంట, ముక్కుకి 4 నుంచి 6 నెలలు పడతాదని చెప్పింది, నేను చెవి తమ్మెలాగ 6, 8 వారాల్లో అయిపోద్దనుకున్నాను. బుడిపె సగానికి దిగింది, తుమ్మితే నొప్పి లేదు. రోజుకి రెండుసార్లు సెలైన్, తర్వాత తడి లేకుండా టిష్యూతో అద్దడం, అంతే. టవల్ నూలుపోగులు తగులుకుంటున్నాయని అదీ మానేసాను.

అమ్మమ్మ ఆ సెలైన్ గొట్టం తెరిచి నాలిక మీద వేసుకుని చూసి "ఉప్పునీళ్ళకి డబ్బులెట్టేవేటే" అని రెండ్రోజులు నవ్వింది. తిప్పడం మానీసింది గానీ రాత్రి నేను పడుకున్నాక నూనె రాస్తోందేమోనని నాకు అనుమానమే, దిండుకి పసుపు మరక ఉంది.

వంకాయ సంగతి ఎవరూ తేల్చలేదు మరి?

ఏడురోడ్ల_ఫార్మసీ:
వంకాయకీ కంతకీ సంబంధం లేదు. చేపలూ గుడ్డూ అయితే శుభ్రంగా తిను, పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి.

ఉద్దానం_జీడిపిక్క:
చేపలు తిననీ. వంకాయ మాత్రం వద్దు.